బోర్డు మీద తొమ్మిది

ఆషాఢంలో, లాల్‌దర్వాజా బోనాలకు మూడు రోజుల ముందు, గురువారం పొద్దున ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు నేను ఆ బోర్డు చదివాను. సమయం ఎందుకు గుర్తుందంటే బోర్డు పక్కనే గోడ గడియారం ఉంది. ముందు దాన్ని చూశాను, తరువాత దీన్ని చదివాను. నేను యాభై రెండో ఏట చదువు నేర్చుకున్నదాన్ని. ఎదురుగా అక్షరాలుంటే ఒక్కటి కూడా వదలను. ఆటో వెనక రాసినవీ, మందు సీసా మీద రాసినవీ, అన్నీ చదువుతాను. ఆ బోర్డు మీద సారు పేరుంది. పేరు కింద "పాతకాలపు కర్రల ఆటగాడు" అని ఉంది. దాని కింద "హ్యాండిక్యాప్ 9" అని ఉంది.

సారుది తొమ్మిది కాదు. పదహారు.

సారు పేరు నేనిక్కడ రాయను. రాస్తే మీరు పేరు గుర్తుపెట్టుకుని అంకె మర్చిపోతారు. నాకు అంకె కావాలి.

గోల్ఫ్ ఆట తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. కంచన్‌బాగ్ దగ్గర ఒక కంపెనీ కాలనీ వెనక మైదానంలో కూలికి చేరేదాకా నాకూ తెలియదు. తొమ్మిది గుంటలుంటాయి. బంతిని కర్రతో కొట్టుకుంటూ ఒక్కో గుంటలో వేస్తూ రెండు చుట్లు తిరగాలి. చేయి తిరిగినవాడు అంతా కలిపి డెబ్బై రెండు దెబ్బల్లో ముగిస్తాడని లెక్క. మీకు మామూలుగా ఎనభై ఎనిమిది పడితే, ఆ ఎక్కువైన పదహారే మీ హ్యాండిక్యాప్. పోటీ రోజు ఆ పదహారు మీకు మాఫీ చేసి, గొప్ప ఆటగాడినీ మిమ్మల్నీ ఒకే గీత మీద నిలబెడతారు. అంకె చిన్నదైతే గొప్ప. పెద్దదైతే కప్పు గెలవడం తేలిక. అందుకని గొప్ప కావలసినవాళ్లు తగ్గించి చెప్పుకుంటారు, కప్పు కావలసినవాళ్లు పెంచి చెప్పుకుంటారు. ఉన్నదున్నట్టు చెప్పుకున్న మనిషిని నేను ఒక్కరినే చూశాను.

ఆ మైదానంలో గుంటల చుట్టూ పచ్చగడ్డి ఉండేది కాదు. నీళ్లకు కరువు. వాడేసిన ఇంజిన్ నూనె కలిపిన ఇసుక పరిచేవారు. ఆటగాళ్లు తొక్కి వెళ్లాక గోనెపట్టా లాగి ఆ ఇసుకను సమం చేయడం నా పని. చీర అంచు ఎన్నిసార్లు ఉతికినా నూనె మరక పోయేది కాదు. లాల్‌దర్వాజాలో మా ఇంటి పక్కవాళ్లు నేనేదో మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్నాననుకునేవారు. గోల్ఫ్ దగ్గర అని చెబితే నమ్మేవారు కాదు, నేనూ పట్టుబట్టి నమ్మించలేదు.

సారు కంపెనీలో చెక్క అచ్చులు చేసేవారు. ఇనుప సామాను పోత పోయాలంటే ముందు చెక్కతో దాని రూపం చెక్కాలట. అదీ ఆయన ఉద్యోగం. ఆఫీసర్ల ఆటలోకి అచ్చులు చేసే మనిషి ఎలా వచ్చారంటే, జుమ్మేరాత్ బజార్లో పాత ఇనుము మధ్య ఒక తోలుసంచి దొరికింది. అందులో ఏడు కర్రలు. ఏ నవాబుగారి దేవిడీలోంచి బయటపడ్డాయో తెలియదు. కింద ఇనుప తల, పైన చెక్క కాడ. ఇప్పటివాళ్లవన్నీ ఉక్కు కాడలు, పద్నాలుగు ఉంటాయి, తళతళలాడతాయి. సారువి ఏడే. ఒకదాని కాడ విరిగితే, గొడ్డలికి వేసే తుమ్మకర్రను చెక్కి కొత్తది వేశారు. దానిమీద అందరూ నవ్వారు. సారు నవ్వలేదు, తగ్గలేదు.

కర్రలకు ఆయన పెట్టుకున్న పేర్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. వెడల్పాటి తల ఉన్నది అట్లకాడ. ఇసుకలోంచి బంతి లేపడానికి అదే. పొడుగుది పెద్దాయన. గుంట దగ్గర మెల్లగా తోసేది బుద్ధిమంతుడు. ప్రతి దెబ్బకు ముందు కర్రను చెవి దగ్గర పెట్టుకుని, కాడను గోటితో కొట్టి వినేవారు. పగులు పట్టిందా లేదా చూసుకోవడం. వెనక ఆటగాళ్లు నిలబడి గొణుక్కునేవారు. ఆయన ఇంకోసారి కొట్టి వినేవారు.

ఎండాకాలంలో చెక్క ఎండి ఇనుప తలలు వదులైపోయేవి. పొద్దున్నే వచ్చి నా నీళ్ల బకెట్లో కర్రలు నిలబెట్టేవారు.

"బాలమణీ, మావోళ్లు జరసేపు కాళ్లు నానబెట్టుకుంటరట."

"నానబెట్టుకోనీ సారూ. నేను నీళ్లు ఏడికెల్లి తేవాలె?"

"నేను తెస్త."

తెచ్చేవారు కూడా. రెండు బకెట్లు, అరకిలోమీటరు దూరం నుంచి.

పోయినవాళ్లను పొగడడం నాకు చేతకాదు. సారు మంచివాడేగాని కలుపుగోలు మనిషి కాదు. బంతి పోతే ఆట అయ్యాక సాయంత్రందాకా తుప్పల్లో వెతికేవారు. ఫ్లాస్కులో చాయ్ ఒక్కరే తాగేవారు, పక్కనున్నవాళ్లను అడిగేవారు కాదు. బాగా కొట్టినప్పుడు ఎవరైనా "లక్కు సార్" అంటే ఆ రోజంతా ముఖం మాడ్చుకునేవారు. ఆఫీసర్లకు సలాం పెట్టేవారు గాని వంగేవారు కాదు.

మా మైదానంలో ఒక ఆనవాయితీ ఉండేది. వేరేచోట లేదని తరువాత తెలిసింది. కర్రల సంచి మోసినవాళ్లే కార్డు మీద దెబ్బలు రాసి, కింద మార్కర్, అంటే లెక్కకు సాక్షి, అన్నచోట సంతకం పెట్టాలి. ఆ కార్డుల లెక్కతోనే క్లబ్బు హ్యాండిక్యాప్ తేలుస్తుంది. ఆఫీసర్లకు ఒకరి దెబ్బలు ఒకరు రాయడం మొహమాటం కాబట్టి అలా పెట్టుకున్నారు. సంచులు మోసేవాళ్లలో పాతవాడు యాదయ్య. వాడు అందరికీ ఒకటి రెండు తగ్గించి రాసేవాడు. ఇనాం కోసం కాదు, ప్రేమకొద్దీ. సారుకు కూడా అలాగే తగ్గించాడు ఒకరోజు. సారు కార్డు చింపేసి, ఇసుక లాగుతున్న నా దగ్గరికి వచ్చారు.

"రేపటికెల్లి నువ్వు మొయ్యి."

"నేనెందుకు సారూ, యాదయ్య ఉన్నడు గద."

"వానికి నేనంటే ఇష్టం. నీకు నేనంటే భయం లేదు, ఇష్టం లేదు. నువ్వే కావాలె."

ఉన్నమాట అన్నందుకు ఒప్పుకున్నాను. తెల్లారగట్ల ఆయన డ్యూటీకి ముందు ఆడేవారు, నేను మోసేదాన్ని. దెబ్బ దెబ్బకూ గీతలు గీసేదాన్ని, గుంట అయ్యాక ఆయన చూసి అంకె వేసేవారు, చివర నేను వేలిముద్ర వేసేదాన్ని. చెత్తగా ఆడిన రోజున నాకే జాలేసి, "సారూ, ఈ కార్డు ఇయ్యకుండ్రి, పారేద్దాం" అంటే, ఆయన ఎప్పుడూ ఒకటే మాట.

"ఉన్నది రాయ్."

అలా కొన్నేళ్లు గడిచాక ఒక ఆదివారం క్లబ్బు వరండాలో లొల్లి అయింది. నేను మెట్ల కింద నిలబడి విన్నాను. మెట్లెక్కే అనుమతి నాకు లేదు. సెక్రటరీ మాధవరావు గారు కంపెనీలో పెద్ద మేనేజరు. చెడ్డవాడు కాదు. తనకు తెలిసింది ఇంకొకరికి తెలియదనుకునే రకం. నలుగురి ముందు సారును అడిగారు.

"మీరు ఉక్కు కర్రలతో ఆడితే తొమ్మిది సార్. ఈ పాత కట్టెలు పట్టుకొని పదహారు చేసుకుంటున్నరు. కప్పు కోసమే గదా?"

"కప్పు గూడ ఈ కట్టెలతోనే ఆడుత గద సార్. ఇగ దొంగతనం ఎక్కడున్నది?"

"మీకు ఎట్ల తెల్సు పదహారు అని? కార్డుల మీద ఏముంది, ఇసుక లాగేటామె వేలిముద్ర. చదువు రానామె ముద్రకు ఏం విలువ ఉంటది?"

 సారు చేతిలో అట్లకాడ ఉంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టారు. అందరూ చూస్తున్నారు.

"సంతకం కావాల్నా? అయితే కప్పు నాటికి సంతకమే ఉంటది. కర్ర మారదు. మనిషి మారదు."

నన్ను ఒక్కమాట అడగకుండా నా తరఫున ఒప్పుకుని వచ్చేశారు. మెట్లు దిగాక నేను కోప్పడ్డాను. ఈ వయసులో నాకు చదువేంది, మీ పంతానికి నేను దొరికిన్నా అన్నాను.

"నీకు కోపం రాలేదా బాలమణీ, ముద్రకు విలువ లేదంటే?"

వచ్చింది. అందుకే మరుసటి రోజు కూర్చున్నాను.

పలకా బలపం తెస్తారనుకున్నాను. సారు సంచిలోంచి చెక్కముక్కలు తీశారు. టేకు తుక్కుతో ఒక్కో అక్షరం చెక్కి, మూలలు నున్నగా అరగదీసి తెచ్చారు. అచ్చులు చేసే చెయ్యి కదా. "కండ్లు మూసుకొని తడుము" అన్నారు. గోనెపట్టా లాగిలాగి మొద్దుబారిన వేళ్లతో నేను "బ"ను తడిమాను. పైన తలకట్టు లేదు, కింద గుండ్రటి కడుపు. రోజుకు ఒకటి కొంగున కట్టుకుని లాల్‌దర్వాజా తీసుకెళ్లేదాన్ని. కూరగాయలు తరుగుతూ, నల్లా దగ్గర వరసలో నిలబడి, కొంగులోపల తడుముకునేదాన్ని. ఒకరోజు గల్లీలో దుకాణం మీద "బట్టల" అన్నచోట "బ" కనబడితే, ఇంట్లో మనిషి బజార్లో ఎదురుపడ్డట్టు ఆగిపోయాను. మూడు నెలల్లో నా పేరు రాశాను. అంకెలు అంతకుముందే కొంచెం తెలుసు, అవీ చేతికి వచ్చాయి.

ఇక అసలు సంగతి. ఇది ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

కప్పు రోజున సారు ఎన్నడూ లేనంత బాగా ఆడారు. ఏడో గుంట దగ్గర బంతి తుప్ప మొదట్లో ఆగింది. తక్కినవాళ్లు తమ బంతులు వెతుక్కుంటూ దూరంగా ఉన్నారు. సారు అట్లకాడ ఎత్తి కొట్టారు. కర్ర బంతి పైనుంచి పోయింది. దుమ్ము లేచింది, బంతి కదలలేదు. ఈ ఆటలో కొట్టాలని తిప్పితే చాలు, తగలకపోయినా ఒక దెబ్బే. మళ్లీ కొట్టారు, ఆ గుంట మొత్తం ఆరు దెబ్బల్లో అయింది. నేను ఐదు అని వేశాను.

ఎందుకు వేశానంటే, వరండాలో అన్న మాట నా కడుపులో ఉంది. ఆ మనుషుల ముందు సారు కప్పు ఎత్తాలి, కింద నా సంతకం ఉండాలి. అంతే. యాదయ్య ప్రేమకొద్దీ చేస్తే తప్పని నన్ను పెట్టుకున్నారు. నేను అదే పని చేశాను.

ఆట అయ్యాక సారు కార్డు తీసుకుని ఒక్కో గడి మీద వేలుపెట్టి చదివారు. ఏడు దగ్గర వేలు ఆగింది.

"ఇది ఎంత?"

"ఐదు."

"గాలి దెబ్బ?"

"గాలికి తగిలింది సారూ, బంతికి తగల్లే. ఎవ్వరు చూడలే."

"నువ్వు చూసినవ్."

నేను సంచి భుజానికి ఎత్తుకోబోయాను.

"చూసినందుకే గద నిన్ను పెట్టుకున్నది. నీ చేతితోనే కొట్టెయ్. ఉన్నది రాయ్."

కొట్టేశాను. ఆరు వేశాను. పక్కన "బ" అని పొట్టి సంతకం పెట్టాను, దిద్దితే పెట్టాలట. ఆ "బ" వంకరగా వచ్చింది. ఐదుతో అయితే సారు ఒక్క దెబ్బ తేడాతో గెలిచేవారు. ఆరుతో సారూ, మాధవరావు గారూ సమానమయ్యారు. అలా అయినప్పుడు చివరి తొమ్మిది గుంటలు, అంటే రెండో చుట్టు, ఎవరు బాగా ఆడితే కప్పు వారిది. మాధవరావు గారికి ఇచ్చారు. సారు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

పదిహేను రోజులు ఆయనతో మాట్లాడలేదు. బకెట్ దాచేశాను. ఒక పొద్దున ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి నా ముందు పెట్టారు. అన్ని సంవత్సరాల్లో అదే మొదటిసారి, అదే ఆఖరు.

"కప్పు నాది పోయింది. నీ సంతకం పోలే. తాగు, సల్లారుతది."

తాగాను. చక్కెర లేదు. అందుకేనేమో ఎవరికీ పోసేవారు కాదు.

మళ్లీ కప్పు ఆయనకు ఎప్పుడూ రాలేదు. రిటైరయ్యాక కూడా, మోకాళ్లు నొప్పులొచ్చేదాకా ఆ ఏడు కర్రలతోనే ఆడారు. పదహారు అప్పుడప్పుడు పదిహేడయ్యేది, మళ్లీ పదహారుకు వచ్చేది. తొమ్మిది ఎన్నడూ కాలేదు.

సారు పోయి నాలుగు నెలలైంది. కర్రలు గాజు పెట్టెలో పెడతామని మాధవరావు గారు అడిగితే, సారు భార్య విజయమ్మ ఇచ్చారు. గురువారం బోర్డు కడుతున్నారని యాదయ్య ఫోన్ చేసి చెప్పాడు. షేర్ ఆటోలో పోయాను. ఇప్పుడు మెట్లెక్కడానికి ఎవరి అనుమతీ అడగలేదు. ఎక్కి చదివాను.

"సెక్రటరీ సారూ, ఈ తొమ్మిది ఎవరిది?"

"ఎవరిదేంది బాలమణీ. సారుదే."

"సారుది పదహారు."

"తెల్సమ్మా. ఇది గౌరవానికి రాసింది. నలుగురు వస్తరు, చూస్తరు. గాజు పెట్టె కింద పదహారు అని ఉంటే ఏం బాగుంటది?"

యాదయ్య నా మోచేయి పట్టుకున్నాడు. "అక్కా, ఊకో. పెంచిండ్రా ఏంది, తగ్గించిండ్రు గద."

"తగ్గించుడు నీకు అలవాటే. నువ్వు మాట్లాడకు."

మాధవరావు గారు నవ్వబోయి ఆగారు. నేను ఆగలేదు.

"మీరే గద ఇదే వరండాల అన్నది, ఆయన అసలుకు తొమ్మిది, కప్పు కోసం పదహారు చెప్తుండు అని. ఇప్పుడు తొమ్మిది అని గోడకు ఎక్కిస్తే ఏమైతది? మీరు అన్నదే నిజం, ఆయన దొంగ. గౌరవం అని చెప్పి దొంగను చేస్తున్నరు."

"ఎప్పటి మాటమ్మా అది. నేనే మర్చిపోయిన."

"ఆయన మర్చిపోలే. నేను మర్చిపోలే."

ఆయనకు కోపం వచ్చింది. ఎనభై దగ్గరపడిన మనిషి, ముఖం ఎర్రబడింది. "ఇది కమిటీ నిర్ణయం. నీకేం సంబంధం దీంట్ల?"

"నేను మార్కర్‌ను."

 బోర్డు రాసిన పెయింటర్ సలీం నిచ్చెన మీద కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అప్పుడు చెప్పాను. ఏడో గుంట, గాలి దెబ్బ, ఐదు, ఆరు.

మాధవరావు గారు నెమ్మదిగా అన్నారు. "ఆ కార్డు నేను చూసిన. కొట్టివేత ఉండె. కొత్తగ రాసుడు నేర్చినవ్ గద, తప్పు రాసి దిద్దుకున్నవనుకున్న."

"తప్పు కాదు సారూ. అబద్ధం. నాకు చదువు వచ్చినంక నేను చేసిన మొదటి పని అది. దిద్దించింది ఆయన. మీ ఇంట్ల షోకేసుల ఉన్న కప్పు గట్ల వచ్చింది."

ఆయన గాజు పెట్టె వైపు చూశారు. ఏం ఆలోచించారో నాకు తెలియదు, ఊహించి రాయను.

విజయమ్మ అప్పటిదాకా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కళ్లజోడు పెట్టుకుని లేచి బోర్డు దగ్గరికి వచ్చి చూశారు.

"పదహారాయనతోటి నలభై ఏండ్లు కాపురం జేసిన" అన్నారు. "ఈ తొమ్మిదాయన ఎవరో నాకు తెల్వదు."

మాధవరావు గారు కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డారు. చాలాసేపటికి సలీం వైపు తల తిప్పారు.

"తుడ్వొస్తదా?"

"గీలాచ్ హై సాబ్, ఇంక తడి ఆరలే" అన్నాడు సలీం. కిరసనాయిలు గుడ్డతో తొమ్మిదిని తుడిచేశాడు. కొంచెం నల్లటి మసక మిగిలింది. దాని మీద రాయడానికి కుంచె ముంచి, నా వైపు చూశాడు. "క్యా లిఖూఁ అమ్మా? ఏం రాయాలె చెప్పుండ్రి."

"ఉన్నది రాయ్" అన్నాను.

ఒకటి వేశాడు. పక్కన ఆరు వేశాడు. ఆరు కింద ఆ పాత మసక ఇప్పటికీ కనబడుతుంది. మాధవరావు గారు బోర్డంతా కొత్తగా రాయిద్దామన్నారు. వద్దన్నాను. దిద్దింది దిద్దినట్టు కనబడాలి.

పక్కన పొట్టి సంతకం పెట్టడానికి అక్కడ చోటు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు పొద్దున వరండాలో ఉన్నవాళ్లు: సెక్రటరీ మాధవరావు గారు. సారు భార్య విజయమ్మ గారు. నిచ్చెన మీద పెయింటర్ సలీం. నిచ్చెన పట్టుకుని యాదయ్య. గాజు పెట్టెలో ఏడు కర్రలు, వాటిలో ఒకటి తుమ్మది.

మార్కర్, బాలమణి.